ఎడ్లకున్న లెక్క పిల్లలకు లేదా?

వార్షికోత్సవ సంచిక అనగానే మనలో చాలామంది చదువు గురించి, లక్ష్యం గురించి, అమ్మానాన్నల కష్టం గురించి రాస్తారు. అవన్నీ రాయవలసినవే. ఈసారి మేము ఒక గుండ్రటి వస్తువు గురించి రాయదలుచుకున్నాం. దాని పేరు డిస్క్. ఆటల పోటీల్లో డిస్కస్ త్రో అని పిలుస్తారే, ఆ ఆటలో విసిరే బిళ్ల. ఆ బిళ్లను ఎంచుకోవడంలో మేము చేసిన తప్పు మన హాస్టల్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎవరూ చేయకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేము అంటే ముగ్గురం. ఇదే అద్దంకిలో, ఇదే హాస్టల్లో, మూడు ట్రంకు పెట్టెలు పక్కపక్కనే పెట్టుకుని పెరిగినవాళ్లం. ఒకరి ఊళ్లో పత్తి, ఒకరి ఊళ్లో మిరప, ఇంకొకరిది గుండ్లకమ్మ ఒడ్డు. మూడు ఇళ్లలోనూ డిగ్రీ పట్టా ముఖం చూసిన మొదటివాళ్లం మేమే. ఇప్పుడు ఒకరం పీజీ చదువుతున్నాం, ఒకరం పోలీసు ఉద్యోగానికి తయారవుతున్నాం, ఒకరం పెళ్లి చేసుకుని కౌలు సేద్యం చేస్తున్నాం. రాస్తున్న చెయ్యి ఒకరిదే అయినా మాట ముగ్గురిదీ.

డిస్కస్ మాకు ఎలా వచ్చిందో చెబితే నవ్వుతారు. అన్నం కంచాలతో వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక కంచాలు కడిగి, ఆరుబయట ఒకరి మీదుగా ఒకరు విసురుకునేవాళ్లం. స్టీలు కంచం గాలి మీద పడుకుని తేలుతూ పోతుంటే చూడముచ్చటగా ఉండేది. ఎన్ని కంచాలకు సొట్టలు పడ్డాయో, ఎన్నిసార్లు చీవాట్లు తిన్నామో లెక్కలేదు. అది చూసిన ఒక డ్రిల్లు మాస్టారు, "కంచాలు పాడుచేసే బదులు ఇది విసరండ్రా" అని మూలపడి ఉన్న ఒక డిస్క్ తెచ్చి ఇచ్చారు. చుట్టూ ఇనుప అంచు, మధ్యలో చెక్క. బరువు 2 కిలోలు. అప్పటికి మాకు పదిహేనేళ్లు. ఆ మాస్టారి మేలు మేము మరువం. ఆయన ఆ రోజు ఆ బిళ్ల చేతికి ఇవ్వకపోతే మాకు మైదానమే తెలిసేది కాదు.

కొన్నాళ్లకు ఇంకొకటి దొరికింది. అది 1 కిలో డిస్క్. చిన్నది, చేతిలో చక్కగా ఇమిడేది. కానీ దాన్ని మేము ముట్టుకోలేదు. కారణం ఒక్కటే. అది "ఆడపిల్లల డిస్క్". దాన్ని పట్టుకున్నవాణ్ణి మిగతావాళ్లు ఏడిపించేవాళ్లు. ఏడిపించినవాళ్లలో మేమూ ఉన్నాం. ఆ సంగతి దాచిపెడితే ఈ వ్యాసం రాయడం దండగ.

తిరునాళ్లలో నేర్చుకోని పాఠం

మన ప్రాంతంలో ఎడ్ల బండలాగుడు పందేలు చూడనివాళ్లు ఉండరు. సంక్రాంతికో, తిరునాళ్లకో ఎక్కడో ఒకచోట మైకు మోగుతూనే ఉంటుంది. ఒంగోలు గిత్తలను పందెంలోకి దింపేముందు ఏం చేస్తారు? ముందు నోరు తెరిచి పళ్లు చూస్తారు. పాలపళ్ల జత ఒక విభాగం, రెండు పళ్లు ఒక విభాగం, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆ తర్వాత జూనియర్స్, సీనియర్స్. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. పాలపళ్ల గిత్తలకు సీనియర్స్ బండ కట్టమని ఏ రైతైనా అంటాడా? అంటే పందెం చూడవచ్చిన జనమే ఊరుకోరు. మెడ పోతుంది, కాళ్లు పోతాయి, పశువు ఇక పనికిరాదు అని గోల చేస్తారు.

ఆ పందేలు మేము గట్టు మీద కూర్చుని ఎన్నిసార్లు చూశామో! పశువు వయసుకు తగిన బరువు కట్టాలన్న న్యాయం మాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మరి మా వంతు వచ్చేసరికి ఆ న్యాయం ఎందుకు గుర్తు రాలేదు? పదిహేనేళ్ల పిల్లవాడు ఏ విభాగం? మహా అయితే రెండు పళ్లు. వాడి చేతిలో ఉన్నదేమో సీనియర్స్ బండ!

ప్రపంచ అథ్లెటిక్స్ నియమాల్లోనూ ఇదే లెక్క ఉంది. పెద్దవాళ్లైన పురుషులు 2 కిలోల డిస్క్ విసురుతారు. 20 ఏళ్లలోపు యువకులకు 1.75 కిలోలు. 18 ఏళ్లలోపు బాలురకు 1.5 కిలోలు. బాలికలకు, స్త్రీలకు 1 కిలో. అంతటితో ఆగలేదు. వయసు పైబడిన ఆటగాళ్లకు మళ్లీ బరువు తగ్గిస్తారు. 50 దాటిన మగవాళ్లు 1.5 కిలోలు, 60 దాటినవాళ్లు 1 కిలో విసురుతారు. అంటే మేము "ఆడపిల్లల డిస్క్" అని వెక్కిరించిన బిళ్లనే అరవయ్యేళ్ల పెద్దమనుషులు నియమం ప్రకారం విసురుతున్నారు. వాళ్లలో ఒకప్పుడు 2 కిలోలు విసిరినవాళ్లూ ఉంటారు. వాళ్లకు లేని సిగ్గు మాకెందుకు వచ్చింది?

ఆ 1 కిలో డిస్క్ విలువ తెలియాలంటే 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలు గుర్తు చేసుకుంటే చాలు. ఆ డిస్క్‌ను 61.51 మీటర్లు విసిరి కృష్ణా పూనియా బంగారు పతకం గెలిచింది. వెండి, కంచు కూడా మన దేశపు అమ్మాయిలవే. ఒకే ఆటలో మూడు పతకాలూ మనవే అయిన రోజది. దాన్ని పట్టుకోవడానికి మేము సిగ్గుపడ్డాం.

భుజం కథ

ఇంటర్ మొదటి సంవత్సరంలో ఒక పోటీకి వెళ్లే అవకాశం వచ్చింది. గెలిస్తే పై పోటీ, ఆ పైన సర్టిఫికెట్, ఆ పైన స్పోర్ట్స్ కోటా. మనలాంటి వాళ్లకు స్పోర్ట్స్ కోటా అంటే ఏమిటో పాఠకులకు వివరించనక్కర్లేదు. రెండు మార్కుల్లో పోయే సీటు ఒక్క సర్టిఫికెట్‌తో దక్కుతుంది. అందుకని రోజూ తెల్లవారుజామున, సాయంత్రం సాధన చేశాం. నియమం ప్రకారం మా వయసుకు 1.5 కిలోల డిస్క్. అది మా దగ్గర లేదు. "2 కిలోలతో అలవాటైతే పోటీలో 1.5 కిలోలు దూదిపింజలా పోతుంది" అని మాకు మేమే సిద్ధాంతం తయారు చేసుకున్నాం.

అది మిరపకోతల కాలం. శని, ఆదివారాలు ఇంటికి వెళ్తే అమ్మతో పాటు కోతకు వెళ్లేవాళ్లం. నడుం వంచి రోజంతా కాయ కోయడం, సాయంత్రం కల్లంలోకి మోయడం. ఇక పత్తి రోజుల్లో బోరేలు ఎత్తడం సరేసరి. సోమవారం పొద్దున్న బస్సెక్కి హాస్టల్‌కు వచ్చి, అదే సాయంత్రం 2 కిలోల ఇనుము గిరగిరా తిప్పి విసరడం. భుజం నొప్పి అప్పటికే మొదలైంది. రాత్రి కుడివైపు పడుకుంటే మెలకువ వచ్చేసేది. ఎవరికీ చెప్పలేదు. కోతల నొప్పి అనుకున్నాం. నొప్పి అని చెబితే జట్టులోంచి తీసేస్తారన్న భయం కూడా ఉంది.

పోటీకి తొమ్మిది రోజుల ముందు, ఒక విసురు మధ్యలో, భుజం లోపల ఏదో పట్టు తప్పినట్టు అయింది. డిస్క్ పది అడుగుల దూరంలో పడింది. మా ముగ్గురిలో ఆ భుజం ఈ వ్యాసం రాస్తున్న చేతిదే. ఒంగోలులో చూసిన డాక్టరుగారు, కండర నరం చిరిగిందనీ, చాలా వారాలపాటు చెయ్యి పైకెత్తే పని చేయవద్దనీ చెప్పారు. పోటీ పోయింది. అది చిన్న నష్టం. ఆ ఏడాది కోతలకు ఇంట్లో ఒక చెయ్యి తగ్గింది. ఆ చేతి కూలి కూడా అమ్మే కోసింది. సాయంత్రం ముఠా అంతా ఇంటికి పోయాక ఇంకో రెండు సాళ్లు కోసి వచ్చేదట. ఈ మాట ఆమె చెప్పలేదు, పక్కింటివాళ్లు చెప్పారు. అదీ పెద్ద నష్టం.

ఈనాటికీ ఆ చెయ్యి తల పైకి పూర్తిగా లేవదు. బస్సులో పైన కమ్మీ పట్టుకోవాలంటే ఎడమ చెయ్యే దిక్కు.

గాయంతో గెలిచినవాడి కథలో చెప్పని సంగతి

ఇలాంటి మాటలు రాస్తే వెంటనే ఒక జవాబు వస్తుంది. "కష్టం లేనిదే ఫలితం రాదు. నొప్పిని భరించినవాడే వీరుడు." మాకూ ఒక వీరుడి కథ చెప్పారు. అమెరికా డిస్కస్ ఆటగాడు అల్ ఓర్టర్ కథ. 1956, 1960, 1964, 1968 నాలుగు ఒలింపిక్స్‌లోనూ వరసగా బంగారు పతకం గెలిచిన మనిషి. 1964 టోక్యో నాటికి ఆయనకు మెడ ఎముకల గాయం ఉంది. దానికి తోడు పోటీకి కొద్ది రోజుల ముందు పక్కటెముకల దగ్గర చిరుగు పడింది. ఆడవద్దని డాక్టర్లు చెప్పారు. పట్టీలు చుట్టుకుని దిగి, అయిదో విసురులో 61 మీటర్లు విసిరి, ఒలింపిక్ రికార్డుతో గెలిచాడు.

కథ నిజమే. మేమూ దాన్ని గుండెల్లో పెట్టుకున్నాం. కానీ ఆ కథ చెప్పేవాళ్లు మూడు సంగతులు వదిలేస్తారు. మొదటిది, అప్పటికి ఆయన వయసు 28. ఎముక ముదిరిన శరీరం, రెండు ఒలింపిక్ పతకాల అనుభవం. రెండోది, ఆయన చుట్టూ డాక్టర్లున్నారు. దెబ్బ ఎక్కడ తగిలిందో, ఎంత తగిలిందో తెలిసి దిగాడు. మనకు నొప్పి ఏమిటో చెప్పేవాళ్లు ఎవరు? మూడోది అన్నిటికంటే ముఖ్యం. అయిదో విసురు తర్వాత ఆయన ఆరో విసురు విసరలేదు. నొప్పి హద్దు దాటిందని తెలిసి పక్కకు తప్పుకున్నాడు. ఒలింపిక్ మైదానంలో, ఇంకా ఒక అవకాశం చేతిలో ఉండగా ఆగాడు. మా కథలో ఆరో విసురు దగ్గర ఆగు అని చెప్పినవాళ్లు లేరు, చెప్పినా వినేవాళ్లం కాదు.

ఇంకొక ఉదాహరణ మన రాష్ట్రానిదే. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆ రోజు స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తింది. చివరి ప్రయత్నానికి బార్ మీద వేసిన బరువు 137.5 కిలోలు. అది లేవలేదు. ఆమెకంటే పైన నిలిచిన ఇద్దరి మొత్తం 242.5. తేడా రెండున్నర కిలోలు మాత్రమే. ఆమె సాహసాన్ని తక్కువ చేసే అర్హత మాకు లేదు. బంగారం కోసం పోరాడిన మనిషి ఆమె. మేము చెప్పేది ఒక్కటే. ప్రపంచ స్థాయిలో కూడా ఆట సగం కండలో ఉంటే, సగం "ఇప్పుడు ఎంత బరువు" అన్న ప్రశ్నలో ఉంటుంది. ఆ ప్రశ్న అడగడం పిరికితనం కాదు, ఆటలో భాగం. అక్కడ బరువు నిర్ణయించేముందు కోచ్‌లు కాగితం పెన్ను పట్టుకుని లెక్కలు వేస్తారు. మేము వేసిన లెక్క ఏమిటి? పక్కవాడు నవ్వుతాడేమో అన్నదొక్కటే.

డిస్క్ ఎలా ఎంచుకోవాలి?

ఇప్పుడు తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పనికొచ్చే నాలుగు సంగతులు.

మొదట చెయ్యి చూసుకోండి. 2 కిలోల డిస్క్ అడ్డకొలత దాదాపు 22 సెంటీమీటర్లు. 1 కిలోది దాదాపు 18. డిస్క్ అంచు మీ వేళ్ల చివరి కణుపుల మీద ఆనాలి. అరచెయ్యి పరిచి పెట్టినప్పుడు అంచు అందక వేళ్లు చాపవలసి వస్తే అది మీ డిస్క్ కాదు. జారిపోతుందేమోనని గట్టిగా బిగిస్తారు. బిగించిన చెయ్యి భుజాన్ని కూడా బిగిస్తుంది. మా గాయం అక్కడే మొదలైందని ఇప్పుడు అర్థమవుతోంది.

రెండోది, ఒకే బరువున్న డిస్క్‌లన్నీ ఒకటి కావు. బరువులో ఎక్కువ భాగం అంచులో ఉన్నవి కొన్ని, మధ్యలోకి పంచినవి కొన్ని. అంచు బరువు ఎక్కువ ఉన్నదాన్ని వేగంగా తిప్పి వదలగలిగితే చాలాసేపు తిరుగుతూ నిలకడగా పోతుంది. అది చెయ్యి తిరిగినవాళ్లది. కొత్తవాళ్లు, బలహీనంగా ఉన్నవాళ్లు, గాయం నుంచి తేరుకుంటున్నవాళ్లు దాన్ని విసిరితే తిప్పు చాలక వణికిపోతూ పడుతుంది. పడేసరికి ఇంకా బలం పెడతారు. బలం పెట్టేసరికి భుజం పోతుంది. వాళ్లకు అంచు బరువు తక్కువ ఉన్నదే మేలు. ఖరీదు ఎక్కువ కాబట్టి మంచిది అనుకోవద్దు.

మూడోది, నేర్చుకునేటప్పుడు రబ్బరు డిస్క్ చాలు. గోడకు తగిలినా పగలదు, ఎవరికైనా తగిలినా ఇనుమంత ప్రమాదం కాదు. కాళ్లు తిప్పడం, నడుం తిప్పడం, చెయ్యి చివర వదలడం, ఈ మూడూ తేలిక డిస్క్‌తోనే వస్తాయి. బరువైనదాన్ని విసిరేటప్పుడు శరీరం నేర్చుకోదు, తప్పించుకుంటుంది. కాళ్లు చేయవలసిన పని చేతి మీద వేస్తుంది.

నాలుగోది, తేలిక డిస్క్ విసిరినవాడు తేలికవాడు కాడు. ప్రపంచ రికార్డులే చూడండి. పురుషుల 2 కిలోల డిస్క్‌లో లిథువేనియా యువకుడు మికోలాస్ అలెక్నా 2025లో విసిరినది 75.56 మీటర్లు. స్త్రీల 1 కిలో డిస్క్‌లో తూర్పు జర్మనీకి చెందిన గాబ్రియేల్ రైన్ష్ 1988లో విసిరినది 76.80 మీటర్లు. ఎవరి బరువుకు తగ్గది వాళ్లు విసిరారు, ఎవరి దూరం వాళ్లు సాధించారు.

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మన హాస్టల్ పూర్వ విద్యార్థి అన్న ఒకరు ఫోనులో ఇంకో ఆట సంగతి చెప్పారు. దాని పేరు డిస్క్ గోల్ఫ్. పార్కుల్లో అక్కడక్కడ గొలుసులు వేలాడే ఇనుప బుట్టలు నాటి ఉంటాయట. ప్లాస్టిక్ బిళ్లను విసురుకుంటూ పోయి బుట్టలో వేయాలి. తక్కువ విసురుల్లో వేసినవాడు గెలిచినట్టు. అక్కడి ఆటగాళ్ల సంఘం 1976 నుంచీ ఉంది. ఆ బిళ్లలు 150 నుంచి 175 గ్రాముల దాకా రకరకాల బరువుల్లో దొరుకుతాయి. కొన్నిటి మీద అంకెలు కూడా ఉంటాయి. ఎంత వేగంగా విసరాలి, ఎంతసేపు తేలుతుంది, ఎటు వంగుతుంది అని. వేగం అంకె పెద్దగా ఉన్న బిళ్లను బలం చాలని చెయ్యి విసిరితే సగం దారిలోనే పక్కకు కూలిపోతుంది. కంప్యూటరు ముందు కూర్చుని కూర్చుని ఆయనకు భుజం పట్టేసింది. అయినా 175 గ్రాములే విసిరాడు. తోటి ఆటగాడు ఒకాయన 150 గ్రాముల బిళ్ల చేతిలో పెట్టి, చిన్న అంకె ఉన్నది తీసుకోమన్నాడట. "మొదట సిగ్గేసింది తమ్ముడూ. నెల తిరిగేసరికి ఇంకా దూరం పోతోంది, నొప్పీ తగ్గింది" అన్నారు. పాతిక గ్రాముల తేడా. మన కూరలో వేసే పోపు సామానంత. దానికి కూడా మగతనం అడ్డం వచ్చిందంటే, ఈ జబ్బు అద్దంకిది మాత్రమే కాదన్నమాట.

అలసటను బద్ధకం అనకండి

గాయం కనిపిస్తుంది, కట్టు కడతారు. అలసట కనిపించదు. అందుకే దానికి బద్ధకం అని పేరు పెడతాం. మన హాస్టల్ పిల్లల అలసటకు కారణాలు వేరు. మైదానంలో ఒక గంట ఆడి అలసిపోయిన పిల్లవాడికీ, రెండు రోజులు కోతకు పోయి వచ్చి మైదానంలో నిలబడినవాడికీ తేడా ఉంది. రెండోవాడు సోమవారం తక్కువ దూరం విసిరితే, "వీడికి శ్రద్ధ తగ్గింది" అంటాం. శ్రద్ధ తగ్గలేదు. శనివారమే సాధన మొదలైంది, అది మిరప చేలో జరిగింది.

రక్తహీనత సంగతి ఇంకొకటి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి, అబ్బాయిల్లో నూటికి 31 మందికి రక్తహీనత ఉంది. మన చెల్లెళ్ళలో సగానికి పైగా అన్నమాట. నాలుగు అడుగులు పరుగెత్తగానే ఆయాసం, కళ్లు తిరగడం, తలనొప్పి. అలాంటి అమ్మాయిని "ఇంకా నాలుగు విసురు" అంటే ఏం విసురుతుంది? బడిలో వారానికొకసారి ఇచ్చే ఇనుము మాత్రను కిటికీలోంచి పారేసినవాళ్లలో మేమూ ఉన్నాం. వికారం వస్తుందని పారేశాం. అన్నం తిన్నాక వేసుకుంటే ఆ బాధ తగ్గుతుందని తర్వాత తెలిసింది. చెల్లెళ్ళూ, పారేయకండి. తమ్ముళ్ళూ, మీకూ చెబుతున్నాం.

అలసిన రోజు విసరకూడదా? విసరవచ్చు. కానీ ఆ రోజు డిస్క్ వేరు, లెక్క వేరు. పొద్దున్న లేవగానే నాడి చూసుకోండి. మామూలు కంటే బాగా ఎక్కువ కొట్టుకుంటుంటే శరీరం ఇంకా తేరుకోలేదని అర్థం. రాత్రి నిద్ర సరిగా పట్టకపోయినా, మొదటి అయిదు విసురులు మామూలు దూరం రాకపోయినా, ఆ రోజుకు తేలిక డిస్క్ పట్టుకోండి. లేదా నిలబడి విసిరి ఊరుకోండి. అదీ కుదరకపోతే తోటివాడి దూరాలు కొలిచిపెట్టండి. టేపు పట్టుకున్నవాడు కూడా ఆటలో ఉన్నట్టే. నొప్పి ఒక చోట పొడిచినట్టు ఉండి, రాత్రి నిద్ర చెడగొడితే మాత్రం ఆ రోజే పెద్దవాళ్లకు చెప్పండి. మాలాగ తొమ్మిది రోజులు మిగిలేదాకా దాచిపెట్టకండి.

మాకు ఎంపిక ఎక్కడిది అనేవాళ్లకు

"ఇవన్నీ ఉన్నవాళ్ల మాటలు. ఒక్క డిస్క్ దొరకడమే గగనం, అందులో ఎంపికలా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. మేమూ అలాగే పెరిగాం. ఇచ్చిన కొలత చొక్కా తొడుక్కున్నాం. ఇచ్చిన గ్రూపు చదివాం. బూట్లు పెద్దవైతే ముందు భాగంలో కాగితం కుక్కుకున్నాం, చిన్నవైతే మడమ తొక్కి నడిచాం. దొరికినదానికి మనం సరిపోవాలి గానీ మనకు సరిపోయేది అడగకూడదు అని ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాం. అందుకే 2 కిలోల డిస్క్ చేతిలో పెడితే, ఇది నాకు తగినదేనా అన్న ఆలోచనే రాలేదు. ఎంచుకోవడం అనేది ఒక అలవాటు. అది లేనివాడి ముందు రెండు డిస్క్‌లు పెట్టినా పక్కవాళ్లు మెచ్చేదే ఎత్తుతాడు. మేము చేసింది అదే. మా దగ్గర 1 కిలోది ఉంది కదా! కాబట్టి లేమి ఒక్కటే కారణమని చెప్పి మా తప్పు దాచుకోలేం.

ఈ అలవాటు మైదానంతో ఆగదు. పదో తరగతి తర్వాత ఏ గ్రూపు తీసుకోవాలి, డిగ్రీ తర్వాత పీజీనా ఉద్యోగమా, ఇంటి బాకీ ఎంతవరకు మన నెత్తిన వేసుకోవాలి అన్న ప్రశ్నలు వచ్చినప్పుడు కూడా మనం సీనియర్స్ బండకే మెడ పెడుతున్నాం. మా బ్యాచ్‌లో లెక్కలంటే భయపడే కుర్రాడు, ఊళ్లో నవ్వుతారని ఎంపీసీలో చేరి రెండుసార్లు తప్పి చదువే మానేశాడు. వాడి చేతికి తగిన చదువు ఉండే ఉంటుంది. అడిగినవాళ్లు లేరు.

మా ప్రతిపాదన ఇది. పూర్వ విద్యార్థులందరికీ చేతులు జోడించి చెబుతున్నాం. వచ్చే వార్షికోత్సవానికి శాలువాలు, మెమెంటోలు వద్దు. ఆ డబ్బుతో 1, 1.5, 1.75, 2 కిలోల డిస్క్‌లు ఒక్కొక్కటి, రబ్బరువి రెండు, ఒక కొలత టేపు కొనిద్దాం. మొదటి 1.5 కిలోల డిస్క్ మా ముగ్గురి తరఫున. డబ్బు పక్కన పెట్టాం. దాంతో పాటు ఒక నోటు పుస్తకం కూడా ఇస్తాం. అందులో ప్రతి పిల్లవాడి పేరు, వయసు, ఈ రోజు పట్టిన డిస్క్ బరువు, ఎన్ని విసురులు, నొప్పి ఉందా లేదా, నిన్న కూలికి వెళ్లాడా లేదా రాయాలి. చివరి గడి మరచిపోవద్దు. రాయడానికి సిగ్గుపడేవాళ్లు ఉంటారు. వాళ్ల చేత రాయించేది సీనియర్లే. పెద్ద తరగతుల తమ్ముళ్ళు ముందుగా తమ పేరు ఎదుట "నిన్న కోతకు వెళ్లాను, ఈ రోజు 1 కిలో" అని రాసి చూపిస్తే, చిన్నవాళ్లు తర్వాత తామే రాస్తారు.

మొన్న సెలవుల్లో ముగ్గురం మళ్లీ ఆ మైదానానికి వెళ్లాం. ఏడేళ్ల తర్వాత ఈ కుడి చెయ్యి 1 కిలో డిస్క్ పట్టుకుంది. చెయ్యి పైకి లేవదు కాబట్టి నడుం ఎత్తులోనే, నిలబడి, కాళ్లతో తిప్పి వదిలాం. ఎదురుగాలి మెల్లగా వీస్తోంది. డిస్కస్‌కు ఎదురుగాలి మరీ గట్టిదైతే తప్ప శత్రువు కాదు, కింద నుంచి ఎత్తి పట్టుకుంటుంది. బిళ్ల గాలి మీద పడుకుని, అచ్చం మా అన్నం కంచంలా తేలుతూ పోయి పడింది. టేపుతో కొలిచాం. 21 మీటర్లు. అంత గొప్ప దూరమేమీ కాదు. అక్కడ ఆడుకుంటున్న తొమ్మిదో తరగతి కుర్రాడు పరుగెత్తి వెళ్లి డిస్క్ తెచ్చి ఇస్తూ, "అన్నా, ఇది ఆడపిల్లలది కదా?" అన్నాడు.

"కాదు తమ్ముడూ, ఇది నా భుజానిది. నీ చెయ్యి చూపించు, నీది ఏదో చూద్దాం" అన్నాం. వాడు అరచెయ్యి చాపాడు.